ఇస్లాంలో పాపం, పశ్చాత్తాపం, రక్షణ



మన పట్టణాలలో, అనేక గ్రామాలలో మసీదు నుండి రోజుకు ఐదుసార్లు అజాన్ వినిపిస్తుంది. అందులో నమాజుకు పిలిచిన తరువాత 'ఫలాహ్' కొరకు కూడ రమ్మని పిలుస్తారు. ఫలాహ్ అనగా సాఫల్యం, ఇహంలోను పరంలోను మేలు పొందడం. మనం 'రక్షణ' అని చెప్పుకొనే విషయానికి ముస్లిం సోదరులు వాడే మాటలలో ఇది ఒకటి. రోజూ మన చెవిన పడే ఈ మాట వెనుక ఏ విశ్వాసం ఉందో మనలో చాలమందికి తెలియదు.

తెలుసుకోవలసిన అవసరం మాత్రం ఉంది. మన పిల్లలు ముస్లిం పిల్లలతో కలసి చదువుకుంటున్నారు. "ఆదాము చేసిన తప్పుకు నీవెందుకు పాపివి? దేవుడు క్షమించదలిస్తే ఊరికే క్షమించలేడా? యేసు సిలువపై చనిపోవాలా?" అని ఒక స్నేహితుడు అడిగితే మన బిడ్డ ఏమి చెబుతాడు? కోపగించుకోవడం జవాబు కాదు. "అన్ని మతాలూ ఒక్కటే" అని తప్పించుకోవడమూ జవాబు కాదు. ముందుగా ఆ ప్రశ్న ఎక్కడ నుండి వస్తుందో చూద్దాం.

విశ్వాసం, విధులు

ముస్లింల విశ్వాసానికి మూలమైన అంశాలు ఆరు: ఏకదేవుడు, దేవదూతలు, దివ్యగ్రంథాలు, ప్రవక్తలు, తీర్పుదినం, సర్వమూ దేవుని నిర్ణయానికి లోబడి ఉన్నదన్న నమ్మకం. ఆచరించవలసిన విధులు ఐదు: కలిమా అనబడే విశ్వాస ప్రకటన, రోజుకు ఐదుసార్లు నమాజు, రంజాన్ నెలలో ఉపవాసం, జకాత్, స్తోమత ఉన్నవారికి జీవితంలో ఒకసారి మక్కా యాత్ర. జకాత్ అనగా నిర్ణీత పరిమితికి మించి ఏడాదిపాటు నిలిచి ఉన్న ధనంలో నూటికి రెండున్నర వంతు పేదలు మొదలైన అర్హులకు ఇవ్వడం. ఇది దయతలచి ఇచ్చే దానం కాదు, పేదవారి హక్కు అని వారి బోధ.

పాపం అంటే ఏమిటి?

ఆదాము, ఆయన భార్య నిషిద్ధ ఫలాన్ని తిన్నారని ఖురాన్ కూడ చెబుతుంది. అయితే వారు పశ్చాత్తాపపడగా దేవుడు క్షమించాడనీ, ఆ సంగతి అంతటితో ముగిసిందనీ ఇస్లాం బోధిస్తుంది. ప్రతి శిశువు నిర్మలంగానే పుడుతుంది. ఒకరి పాపభారాన్ని మరొకరు మోయరు. కాబట్టి వారి బోధలో జన్మపాపం లేదు. మానవుడు బలహీనుడు, మరచిపోయే స్వభావం గలవాడు. అతనికి కావలసింది గుర్తుచేసి దారి చూపే ప్రవక్తలు అని వారి నమ్మకం.

పాపాలన్నిటిలో ఘోరమైనది 'షిర్క్', అనగా దేవునికి సాటిగా మరొకరిని నిలపడం. పశ్చాత్తాపపడకుండ ఈ పాపంలోనే మరణించిన వారికి క్షమాపణ లేదని వారి విశ్వాసం. మనం త్రిత్వాన్ని గూర్చి మాట్లాడినపుడు వారు ఒప్పుకోలేకపోవడానికి ఇదే ముఖ్య కారణం. మనం ముగ్గురు దేవుళ్లను కాదు, ఏకైక సర్వేశ్వరుణ్ణే ఆరాధిస్తున్నామని వారికి ఓపికతో చెప్పాలి.

క్షమాపణ ఎలా లభిస్తుంది?

క్షమాపణకు మార్గం 'తౌబా', అనగా పశ్చాత్తాపంతో దేవుని వైపు మరలడం. 13వ శతాబ్దపు పండితుడు ఇమామ్ నవవీ దీనికి మూడు షరతులు చెప్పారు: ఆ పాపాన్ని మానుకోవాలి, చేసినందుకు దుఃఖించాలి, మరల చేయనని నిశ్చయించుకోవాలి. ఆ పాపం వలన మరొకరికి అన్యాయం జరిగి ఉంటే నాలుగవ షరతు కూడ ఉంది. తీసుకున్నది తిరిగి ఇచ్చివేయాలి, నొప్పించిన వారితో సమాధానపడాలి. ఇందుకు గురువు గాని మధ్యవర్తి గాని అవసరం లేదు.

తీర్పుదినాన ప్రతివాని క్రియలు త్రాసులో తూచబడతాయని వారు నమ్ముతారు. ఇది విని "వారిది పుణ్యాల లెక్క మాత్రమే" అని మనలో కొందరు అంటారు. అది సరికాదు. ఖురాన్‌లోని 114 అధ్యాయాలలో ఒక్కటి తప్ప అన్నీ దేవుని కరుణను స్మరించే మాటలతోనే ఆరంభమవుతాయి. ఎవ్వరూ తమ క్రియల వలన మాత్రమే స్వర్గం చేరలేరనీ, తానైనా దేవుని కరుణ వల్లనే చేరవలసి ఉందనీ ముహమ్మద్ ప్రవక్త చెప్పినట్లు వారి హదీసు గ్రంథాలలో ఉంది.

దారులు ఎక్కడ వేరవుతాయి?

యేసును వారు ఈసా అని పిలుస్తారు, గొప్ప ప్రవక్తగా గౌరవిస్తారు. ఆయన కన్యక గర్భాన జన్మించాడని నమ్ముతారు. ఖురాన్‌లో పేరు చెప్పబడిన ఒకే ఒక స్త్రీ మరియతల్లి. ఒక అధ్యాయానికి ఆమె పేరే పెట్టబడింది. కాని యేసు సిలువ వేయబడలేదని ఖురాన్ నాలుగవ అధ్యాయం చెబుతుంది. జన్మపాపం లేనిచోట రక్షకుని అవసరం కనిపించదు. రక్షకుడు అవసరం కానిచోట సిలువకు అర్థం కనిపించదు. మన బిడ్డను అడిగిన ప్రశ్న ఇక్కడ నుండే పుట్టింది.

మన జవాబు ఏమిటి? జన్మపాపం శిశువు స్వయంగా చేసిన నేరం కాదు. ఆదాము సంతతిలో ఎవరికీ అది వ్యక్తిగత దోషం కాదని 1992లో వెలువడిన శ్రీసభ సత్యోపదేశం 405వ అంశం స్పష్టం చేస్తున్నది. అది మనం పుట్టిన స్థితి. దైవవరప్రసాద జీవితాన్ని కోల్పోయి, గాయపడిన మానవ స్వభావమది. దారి చూపితే చాలునని వారు అంటారు. గాయపడినవానికి దారి చూపడంతోపాటు ఎత్తుకొని మోసేవాడు కూడ కావాలని మనం విశ్వసిస్తాం. క్షమించలేక దేవుడు సిలువను కోరలేదు. ప్రేమించినందువల్ల ఆయనే మన మధ్యకు దిగివచ్చి మన మరణంలో పాలుపంచుకొన్నాడు. సిలువ మనకు ఆయన ప్రేమకు గుర్తు. ఈ తేడాను దాచవలసిన పనిలేదు. దాని కోసం తగవులాడవలసిన పని అంతకన్నా లేదు.

మనకు ఒక హెచ్చరిక

ముస్లిం సంప్రదాయంలో 'దివాలా తీసినవాడు' అనే ఉపదేశం ఉంది. నమాజు, ఉపవాసం, జకాత్ అన్నీ వెంటబెట్టుకొని ఒకడు తీర్పుకు వస్తాడు. కాని అతడు ఒకరిని తిట్టాడు, ఒకరిపై నింద వేశాడు, ఒకరి సొమ్ము తిన్నాడు. అతని పుణ్యాలన్నీ బాధితులకు పంచబడతాయి. అవి చాలకపోతే వారి పాపాలు అతని నెత్తిన పడతాయి.

ఈ మాట మనకూ తగులుతుంది. పాపసంకీర్తనంలో గురువు పాపవిమోచనం ఇస్తారు. అయితే దొంగిలించినది తిరిగి ఇవ్వాలి, చెడగొట్టిన పేరును సరిదిద్దాలి అని సత్యోపదేశం 1459వ అంశం బోధిస్తుంది. జక్కయ తాను అన్యాయంగా తీసుకొన్న దానికి నాలుగింతలు ఇస్తానన్నాడు. అన్నదమ్ముల పొలం గట్టు జరిపి, కూలివాని కూలి ఆపి, పాపసంకీర్తనం చేశాను గదా అని నిశ్చింతగా ఉంటే మన పశ్చాత్తాపం పూర్తయినట్లేనా?

ముస్లింలను శ్రీసభ గౌరవంతో చూస్తున్నదని రెండవ వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న ప్రకటించింది. పాత వైరాలను మరచి, పరస్పర అవగాహనకు కృషిచేయమని కోరింది. ఆ పని మన వీధిలోనే ఆరంభం కావాలి.

కుటుంబంలో చర్చించుకొనుటకు:

1. జన్మపాపం గురించి పొరుగువారు అడిగితే మన మాటల్లో ఎలా చెబుతాం?

2. మన కుటుంబం ఎవరికైనా తిరిగి ఇవ్వవలసినది ఏమైనా ఉందా? ఎప్పుడు ఇస్తాం?