చిన్న పార్టీ అంటే ఏది?

ప్రశ్న: మా ఊరి చరిత్ర రాస్తున్నాను. 2018 శాసనసభ ఎన్నికల్లో రామగుండంలో గెలిచిన ఫార్వర్డ్ బ్లాక్‌ను ‘చిన్న పార్టీ’ అనవచ్చా?
– ఒక పాఠకుడు, గోదావరిఖని

జవాబు: అనవచ్చు, కానీ ఎక్కడ చిన్నదో కూడా చెప్పాలి. చట్టంలో ‘చిన్న పార్టీ’ అనే వర్గమే లేదు. జాతీయ పార్టీ, రాష్ట్ర పార్టీ, నమోదై గుర్తింపు లేని పార్టీ అనే మూడే ఉన్నాయి. ఆ గుర్తింపు కూడా శాశ్వతం కాదు, ఓట్లూ సీట్లూ తగ్గితే పోతుంది. అందుకే హోదా పక్కన ఏడాది తప్పక వేయండి.

సుభాష్ చంద్రబోస్ 1939లో స్థాపించిన ఈ పార్టీకి పేరు పాతది, బలం ప్రధానంగా బెంగాల్‌లో. రామగుండంలో కోరుకంటి చందర్ సింహం గుర్తుపై గెలిచి, తర్వాత టీఆర్‌ఎస్‌లో చేరారు. కాబట్టి ‘ఇక్కడ ఫార్వర్డ్ బ్లాక్ బలపడింది’ అని రాస్తే తప్పు. ‘ఆ పార్టీ టికెట్‌పై అభ్యర్థి గెలిచారు’ అనండి, చాలు.

అప్పటి ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా ఉదాహరణ ఇంకా తికమక పెడుతుంది. 2014లో నిర్మల్‌లో ఇంద్రకరణ్ రెడ్డి, సిర్పూర్‌లో కోనేరు కోనప్ప బీఎస్పీ తరఫున గెలిచారు. బీఎస్పీ అప్పుడు జాతీయ పార్టీయే! వాళ్లిద్దరూ టీఆర్‌ఎస్‌లో చేరాక ఆ శాసనసభలో బీఎస్పీకి ఎవరూ మిగల్లేదు. జాతీయ హోదా, స్థానిక బలం వేర్వేరు సంగతులు. ఒకే వాక్యంలో కలపకండి.

సిద్ధాంతం గురించి రాయాలంటే పార్టీ నియమావళి చూడండి, ప్రత్యర్థుల ప్రసంగాలు కాదు. ‘తోక పార్టీ’ లాంటి మాటలు మాత్రం ఎన్నికల సభలకే వదిలేయండి.