ఆసు యంత్రం: పోటీ పరీక్షల ప్రత్యేకం

పోచంపల్లి ఇక్కత్‌లో రంగు మగ్గం మీద పడదు, నేతకు ముందే నూలుకు పడుతుంది. దానికోసం పోగులను మేకుల చుట్టూ వరసగా పోయడమే ఆసు. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9 వేల సార్లు అటూ ఇటూ కదలాలి. ఆ పని ఇంటి ఆడవాళ్లది, భుజాల నొప్పీ వాళ్లదే.

ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం చిన్న వయసులోనే బడి మానేశారు. తల్లి లక్ష్మి బాధ చూసి, ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో యంత్రం పూర్తి చేశారు. పేరు 'లక్ష్మీ ఆసు యంత్రం'. నాలుగైదు గంటల పని గంటన్నరకు తగ్గింది. 2017లో పద్మశ్రీ వచ్చింది.

ఇక్కడే తికమక: ఇది మరమగ్గం కాదు. యంత్రం ఆసు వరకే. ముడులు కట్టడం, అద్దకం, నేత ఇంకా చేతిపనే. మరమగ్గం నేతగాడి కూలికే ఎసరు పెట్టింది, ఇది భుజం నొప్పిని తీసేసింది. యాంత్రీకరణపై వ్యాసం రాసేవారికి ఈ తేడా పనికొస్తుంది.

జిల్లా అడిగితే జాగ్రత్త. అప్పట్లో నల్గొండ, 2016 అక్టోబరు 11 నుంచి ఆలేరు, పోచంపల్లి రెండూ యాదాద్రి భువనగిరిలో ఉన్నాయి.