చుక్కాని సేవకుడు

పాఠ్యభాగ పరిచయం

రేడియో సంకేతాలతో నడిచే చిన్న నమూనా పడవకు తగిన సర్వోను ఎంచుకొనే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది. అవసరాన్ని కొలిచిన తరువాతనే సాధనాన్ని ఎన్నుకోవాలన్నది ఇందులోని ప్రధానాంశం.

పాఠ్యాంశం

సంస్కృతంలో 'కర్ణం' అనే పదానికి చెవి అనే అర్థంతోపాటు చుక్కాని అనే అర్థం కూడా ఉంది. చుక్కానిని పట్టి నావను నడిపేవాడు కర్ణధారుడు. గోదావరి లాంచీల మీద ఆ పని చేసేవాణ్ణి సరంగు అంటారు. నావ ఎంత పెద్దదైనా దాని దిశను నిర్ణయించేది వెనుక నీటిలో మునిగి ఉండే ఆ పలకే. రెండడుగుల నమూనా పడవలో సరంగుకు చోటుండదు. అక్కడ అతని పనిని అగ్గిపెట్టెను పోలిన ఒక చిన్న యంత్రం చేస్తుంది. దాని పేరే సర్వో.

ఈ పేరు పుట్టుకకూ నావలతోనే సంబంధం ఉంది. లాటిన్ భాషలో 'సెర్వుస్' అంటే దాసుడు. పెద్ద ఆవిరి ఓడల చుక్కానులను మనుషుల భుజబలంతో తిప్పడం కష్టమైనప్పుడు ఇంజనీర్లు ఆ పనిని యంత్రాలకు అప్పగించారు. ఫ్రెంచి ఇంజనీరు ఫార్కో 1873లో వెలువరించిన గ్రంథంలో అటువంటి యంత్రాన్ని 'సర్వో మోటారు' అని వ్యవహరించాడు. 1898లో నికొలా టెస్లా న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో రేడియో తరంగాలతో ఒక చిన్న పడవను నడిపి చూపాడు. అందులో ముందుకు నడిపే మోటారు ఒకటి, చుక్కానిని తిప్పే మోటారు మరొకటి. నేటి నమూనా పడవలలోనూ ఆ పని విభజన కనిపిస్తుంది.

సర్వోలో ఒక చిన్న మోటారు, వేగాన్ని తగ్గించి బలాన్ని పెంచే పళ్ళచక్రాలు, ఇరుసు ఎంత తిరిగిందో తెలిపే ఒక నిరోధకం, వీటిని అదుపుచేసే వలయం ఉంటాయి. రిసీవరు నుండి సెకనుకు సుమారు 50 సార్లు సంకేతం అందుతుంది. దాని నిడివి 1.5 మిల్లీసెకన్లయితే ఇరుసు మధ్యలో నిలుస్తుంది. నిడివి 1 మిల్లీసెకనుకు తగ్గితే ఒక వైపుకు, 2 మిల్లీసెకన్లకు పెరిగితే మరొక వైపుకు తిరుగుతుంది. నీరు నెట్టినా చెప్పిన చోటును విడువకుండా ఉండడమే దాని విధి.

సర్వోను ఎన్నుకొనేటప్పుడు మొదట చూడవలసినది టార్కు, అంటే తిప్పే బలం. దీనిని కిలోగ్రామ్-సెంటీమీటర్లలో చెబుతారు. ఇరుసుకు 1 సెంటీమీటరు దూరంలో 1 కిలోగ్రాము బరువును ఆపగలిగితే అది 1 కిలోగ్రామ్-సెంటీమీటరు. దూరం రెండింతలైతే ఆపగలిగే బరువు సగమవుతుంది. పెట్టె మీద ముద్రించే సంఖ్య సాధారణంగా సర్వో ఇక కదలలేక నిలిచిపోయే హద్దును తెలుపుతుంది. కనుక అవసరానికి కనీసం రెండింతలు ఉన్నదానిని తీసుకోవడం వివేకం.

ఒక ఉదాహరణను పరిశీలిద్దాం. చుక్కాని 4 సెంటీమీటర్ల ఎత్తు, 3 సెంటీమీటర్ల వెడల్పు కలిగి ఉన్నదనుకుందాం. పడవ సెకనుకు 3 మీటర్ల వేగంతో పోతూ ఉండగా దానిని బాగా తిప్పితే నీటి ఒత్తిడి సుమారు అర కిలోగ్రాము బరువుకు సమానంగా ఉంటుంది. ఆ ఒత్తిడి చుక్కాని ఇరుసుకు 1 సెంటీమీటరు వెనుక పనిచేస్తే కావలసిన టార్కు సుమారు 0.5 కిలోగ్రామ్-సెంటీమీటర్లు. 9 గ్రాముల బరువుతో 1.5 కిలోగ్రామ్-సెంటీమీటర్ల టార్కు గల చిన్న సర్వో ఇందుకు చాలు. అదే పడవ వేగం 6 మీటర్లయితే ఒత్తిడి రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. ఒత్తిడి వేగం వర్గాన్ని అనుసరించి పెరగడమే ఇందుకు కారణం. అప్పుడు ఆ చిన్న సర్వో ఓడిపోతుంది. నాలుగైదు కిలోగ్రామ్-సెంటీమీటర్ల సర్వోను తీసుకోవాలి.

తెరచాప పడవకు రెండు సర్వోలు కావాలి. ఒకటి చుక్కానికి, రెండవది తెరచాప తాడును బిగించి వదలడానికి. తాడు లాగే బలం పావు కిలోగ్రామే అయినా, సర్వో చేయి 8 సెంటీమీటర్ల పొడవుంటే 2 కిలోగ్రామ్-సెంటీమీటర్ల టార్కు అవసరమవుతుంది. చుక్కానికి చాలిన సర్వో ఇక్కడ చాలదు. గాలి విసురు పెరిగినప్పుడు కూడా తాడు జారకుండా ఉండాలంటే ఈ లెక్కకు మించిన బలం ఉండాలి.

అలాగని అన్నింటికన్నా బలమైన సర్వోను అమర్చడమూ సరికాదు. అది పడవకు బరువును, బ్యాటరీకి భారాన్ని పెంచుతుంది. చిన్న పడవ చుక్కానికి ప్లాస్టిక్ చక్రాలు సాధారణంగా సరిపోతాయి. అదురు తగిలే చోట లోహచక్రాలు మేలు. ఒకే సర్వో 4.8 వోల్టులకన్నా 6 వోల్టుల వద్ద ఎక్కువ బలం చూపుతుంది. అయితే తయారీదారు చెప్పిన హద్దును దాటరాదు. సర్వోను పడవ అడుగున కాక ఎత్తైన చోట బిగించాలి. ఉప్పునీరు తగిలితే లోపలి భాగాలు త్వరగా చెడిపోతాయి.

ఎంపికలో పొరపాటు జరిగితే దాని ఫలితం ఒడ్డున కాదు, నీటి నడుమ తెలుస్తుంది. నిలిచిపోయిన సర్వో అధిక విద్యుత్తును లాగుతుంది. బ్యాటరీ వోల్టేజి పడిపోయి రిసీవరు పనిచేయడం మానవచ్చు. అప్పుడు పడవ యజమాని మాట వినదు. దాని కోసం లోతు తెలియని జలాశయంలోకి దిగడం ప్రాణాపాయం. పడవ పోతే మరొకటి కట్టుకోవచ్చు, ప్రాణం పోతే తిరిగి రాదు.

నేషనల్ కేడెట్ కోర్ నౌకాదళ విభాగంలో నౌకా నమూనాల నిర్మాణం శిక్షణలో ఒక భాగం. ఆ విద్యార్థులకూ, ఇంట్లో స్వయంగా పడవ కట్టుకొనేవారికీ ఈ లెక్క ఒకటే. చుక్కాని కొలత, పడవ వేగం, చేయి పొడవు ముందుగా కాగితం మీద రాసుకోవాలి. దుకాణానికి వెళ్ళవలసింది ఆ తరువాతనే. మోయగలిగిన భారం అప్పగించిన యజమానికి సేవకుడు నమ్మకంగా పనిచేస్తాడు.

అర్థాలు

కర్ణధారుడు : చుక్కాని పట్టువాడు, నావికుడు
సరంగు : లాంచీని నడిపేవాడు
నిడివి : పొడవు, కాలపరిమాణం
విసురు : వేగంతో కూడిన తాకిడి
జలాశయం : చెరువు, మడుగు

ప్రశ్నలు

I. కింది ప్రశ్నకు 20 పంక్తులలో సమాధానం రాయండి.
1. నమూనా పడవకు సర్వోను ఎంచుకొనేటప్పుడు పరిశీలించవలసిన అంశాలను వివరించండి.

II. కింది ప్రశ్నలకు 8 పంక్తులలో సమాధానం రాయండి.
1. 'సర్వో' అనే పేరు ఎలా ఏర్పడింది?
2. పడవ వేగం రెండింతలైతే చిన్న సర్వో ఎందుకు ఓడిపోతుంది?

III. కింది ప్రశ్నలకు ఏకవాక్యంలో సమాధానం రాయండి.
1. టెస్లా తన పడవను ఏ సంవత్సరంలో ప్రదర్శించాడు?
2. సర్వో టార్కును ఏ కొలతలో చెబుతారు?

IV. సంధులు, సమాసాలు
1. జలాశయం = జల + ఆశయం : సవర్ణదీర్ఘసంధి
2. నౌకాదళం = నౌకల యొక్క దళం : షష్ఠీ తత్పురుష సమాసం