దిగులు మాత్రలు: వాడుట, మానుట



గోసాని నువాగాంలోను, బరంపురంలోని ఇతర పేటలలోను, ఇక్కడినుండి సూరత్ వంటి ఊళ్ళకు పనికి వెళ్ళిన కుటుంబాలలోను దిగులు జబ్బుకు, అనగా డిప్రెషన్‌కు, మాత్రలు వాడువారున్నారు. బి.పి. మాత్ర అందరి ఎదుట వేసికొనేవారు కూడా ఈ మాత్రను తలగడ క్రింద దాచుకొంటారు. దాచి వాడిన మందును మానడము కూడా రహస్యముగానే జరుగుతుంది. అపాయము అక్కడే ఉన్నది.

ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్, ఫ్లూఓక్సెటిన్ వంటివి ఈ మందులు. ఇవి నిద్రమాత్రలు కావు. వేసికొన్న రోజే గుణము కనబడదు, సాధారణముగా 2 నుండి 4 వారాలు పడుతుంది. వికారము, తలనొప్పి మాత్రము మొదటి వారములోనే రావచ్చును. అందుచేత పది రోజులకే "ఇది మనకు పడలేదు" అని మానేవారు చాలామంది. 25 ఏండ్లలోపు వారిని మొదటి వారాలలో ఇంటివారు కనిపెట్టి చూడాలి, చచ్చిపోవాలనే తలంపు పెరిగితే వెంటనే డాక్టరుకు చెప్పాలి. మనసు తేలికపడిన తరువాత కూడా కనీసము 6 నెలలు మందు కొనసాగించమంటారు. జబ్బు తిరిగి తిరిగి వచ్చినవారికి 2 ఏండ్లు, ఇంకా ఎక్కువ కూడా కావచ్చును.

మన సంఘాలలో ఒక మాట వినబడుతుంది: "ప్రార్థన చేయించుకొన్నాను, ఇక మాత్రలెందుకు?" హిజ్కియా ప్రార్థన ఆలకింపబడిన తరువాతనే యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుమీద వేయించెను (2 రాజులు 20). మందు వేసికొన్నంత మాత్రాన విశ్వాసము తగ్గినట్లు మేమెక్కడా చదువలేదు. సాక్ష్యము చెప్పిన రోజున మాత్రల చీటీ చించివేయమని ఎవరినీ ప్రోత్సహించకండి.

ఒక్కసారిగా మానితే ఏమగును? నెలల తరబడి వాడిన మందుకు మెదడు అలవాటుపడుతుంది. సారాయివలె దానికొరకు ఆశ పుట్టదు గాని, హఠాత్తుగా తీసివేస్తే శరీరము తట్టుకొనలేదు. రెండు మూడు రోజులలోనే తల తిరుగుట, వికారము, నిద్రపట్టకపోవుట, పీడకలలు, కారణము లేని ఏడుపు, కోపము, తలలో కరెంటు షాకు కొట్టినట్లుండుట కలుగవచ్చును. పారోక్సెటిన్, వెన్లాఫాక్సిన్ శరీరమునుండి త్వరగా పోతాయి గనుక వాటితో ఈ బాధ ఎక్కువ. ఫ్లూఓక్సెటిన్ నెమ్మదిగా పోవును గనుక తక్కువ, గాని ఆలస్యముగా రావచ్చును.

ఈ బాధను చూచి ఇంటివారు "జబ్బు తిరగబెట్టింది" అంటారు, కొందరు దయ్యమంటారు. గుర్తు ఇది: మందు మానిన బాధ కొద్ది రోజులలోనే మొదలై, తల తిరుగుట వంటి శారీరక లక్షణాలతో వస్తుంది, మాత్ర తిరిగి మొదలుపెడితే చాలామందికి త్వరగా సర్దుకొంటుంది. జబ్బు తిరిగి వచ్చుట సాధారణముగా వారాలు, నెలలు గడచిన తరువాత, మెల్లగా. రెండింటినీ తేల్చవలసినది డాక్టరే.

మానవలసి వచ్చినప్పుడు మెట్టు మెట్టుగా దిగాలి. సగము మాత్ర అంటే సగము బలమని మనమనుకొంటాము. అది నిజము కాదు. తక్కువ మోతాదు కూడా మెదడులో చాలా పని చేస్తుంది. కాబట్టి మొదటి తగ్గింపు తేలికగా గడిచి, చివరి చిన్న ముక్క మానినప్పుడే బాధ వస్తుంది. మార్క్ హోరోవిట్జ్, డేవిడ్ టేలర్ అను పరిశోధకులు 2019లో ఈ సంగతి వివరించారు. చివరికి వచ్చేకొద్దీ మెట్లు ఇంకా చిన్నవి కావాలి. కొందరికి వారాలు చాలును, ఏండ్ల తరబడి వాడినవారికి నెలలు పట్టును. ఒక మెట్టుమీద బాధ కలిగితే అక్కడే ఆగాలి, లేదా డాక్టరుతో చెప్పి ఒక మెట్టు పైకి ఎక్కాలి. దినము విడిచి దినము వేసికొనడము మంచి పద్ధతి కాదు. క్యాప్సూలును, నెమ్మదిగా కరిగే మాత్రను సొంతముగా విప్పడము, విరవడము చేయరాదు. గర్భిణీలు భయపడి తామే మానరాదు.

రైలు ఎక్కేవారికి ఒక మాట. రెండు వారాలకు ఎక్కువగానే మాత్రలు ఉంచుకొనండి. చీటీలో మందు అసలు పేరు వ్రాయించుకొంటే వేరే ఊరి షాపులో కంపెనీ పేరు మారినా అదే మందు దొరుకుతుంది. ఒకపూట మరచిపోతే మరుసటి రోజు రెండు కలిపి వేసికొనరాదు. బరంపురంలో మహారాజా కృష్ణచంద్ర గజపతి మెడికల్ కాలేజి ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగమున్నది. దూరములో ఉన్నవారు 2022లో ప్రారంభమైన టెలి మానస్‌కు 14416 నంబరుపై రాత్రింబగళ్ళు ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులోను ఒడియాలోను మాట్లాడవచ్చును.