గురి కుదరని బోల్ట్ యాక్షన్ రైఫిల్



వేట రైఫిల్ గురి ఎలాంటిదో ఒక్క గుండు ఎక్కడ తగిలిందన్నదాన్ని బట్టి తేలదు. ఒకే గురిపెట్టి వరసగా పేల్చిన గుండ్లు ఎంత దగ్గరగా పడ్డాయో చూస్తే తేలుతుంది. గుంపు చిన్నదిగా ఉండి పక్కకు పడుతుంటే స్కోప్‌ను నాలుగు క్లిక్కులు తిప్పితే చాలు. గుంపే చెదిరిపోతుంటే ఎన్ని క్లిక్కులు తిప్పినా లాభం లేదు. ఆ చెదరడాన్ని అమెరికాలో ఎం.ఓ.ఏ.లలో, అంటే డిగ్రీలో 60వ వంతు కోణంతో కొలుస్తారు. 100 గజాల దూరంలో అది 1.047 అంగుళాలు; లెక్కకు అంగుళం అనుకుంటారు.

ఎంత గురి కావాలో ముందే తేల్చుకుంటే సగం ఖర్చు తప్పుతుంది. టెక్సస్‌లో అందరూ వేటాడే తెల్లతోక జింకకు గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు 8 అంగుళాలు. 2 ఎం.ఓ.ఏ. రైఫిల్ 200 గజాల్లో గుండ్లను 4 అంగుళాల్లోపు పెడుతుంది. వేటకు అది చాలు. 1 ఎం.ఓ.ఏ. వస్తే మంచిదే, అంతకన్నా తగ్గించాలని తాపత్రయపడటం కాగితం మీద పోటీపడేవాళ్ల పని. మూడు గుండ్ల గుంపును మాత్రం నమ్మకూడదు. మూడూ ఒకచోట పడటానికి అదృష్టం చాలు. అయిదేసి గుండ్ల గుంపులు కనీసం మూడు చూశాకే రైఫిల్ గురించి మాట్లాడాలి. వేట రైఫిళ్ల బ్యారెల్ సన్నంగా ఉంటుంది, త్వరగా వేడెక్కుతుంది, వేడెక్కితే గుండ్లు పక్కకు జరుగుతాయి. కాబట్టి మధ్యమధ్యలో చేతికి చల్లగా తగిలేదాకా ఆగాలి.

ఏ మరమ్మతుకైనా ముందు స్క్రూలు చూడాలి. నిన్నటిదాకా బాగున్న రైఫిల్ ఇవాళ హఠాత్తుగా చెడితే, అనుమానం మొదట వెళ్లాల్సింది స్కోప్ బిగింపు మీదికే. బోల్ట్ తీసి, ఛాంబర్ ఖాళీ అని కంటితో చూసి, వేలితో తడిమి, ఆ తరువాతే పని మొదలుపెట్టాలి. స్కోప్ రింగుల స్క్రూలు మామూలుగా 15 నుంచి 20 ఇంచ్-పౌండ్ల మధ్య ఉంటాయి. యాక్షన్‌ను, అంటే బోల్ట్ ఉండే లోహభాగాన్ని, స్టాక్‌కు పట్టి ఉంచే స్క్రూల బిగింపు స్టాక్‌ను బట్టి మారుతుంది: అల్యూమినియం దిమ్మ ఉన్నదానికి ఎక్కువ, ఒట్టి చెక్కకు తక్కువ. తయారీదారు చెప్పిన అంకె పట్టుకుని టార్క్ రెంచితో బిగించాలి. చేతి అంచనా పనికిరాదు.

యాక్షన్ స్టాక్‌లో సరిగ్గా కూర్చుందో లేదో తెలుసుకునే చిన్న పరీక్ష ఉంది. రైఫిల్‌ను నిలబెట్టి, స్టాక్ ముందు కొస, బ్యారెల్ కలిసేచోట వేళ్లు రెంటికీ ఆనేలా పట్టుకుని, ముందు యాక్షన్ స్క్రూను నెమ్మదిగా వదులు చేయాలి. వేళ్ల కింద బ్యారెల్ కదిలినట్టు తెలిస్తే, బిగించినప్పుడల్లా యాక్షన్ వంగుతోందని అర్థం. దానికి మందు బెడ్డింగ్: యాక్షన్ కింద, రికాయిల్ లగ్ (వెనకదెబ్బను స్టాక్‌కు చేర్చే లోహపు దిమ్మ) వెనక ఎపాక్సీ నింపి అచ్చుపోసినట్టు కూర్చోబెట్టడం. లోహానికి రిలీజ్ ఏజెంట్ ఎక్కడా వదలకుండా పూయకపోతే రైఫిల్, స్టాక్ రెండూ శాశ్వతంగా అతుక్కుపోతాయి. మొదటిసారి దీన్ని గన్‌స్మిత్‌కు వదిలేయడం తెలివైన పని.

బ్యారెల్‌కు, స్టాక్‌కు మధ్య కాగితం దూర్చి వెనక్కి లాగితే అది రికాయిల్ లగ్ దగ్గరిదాకా అడ్డులేకుండా రావాలి. ఎక్కడైనా ఆగితే అక్కడ చెక్క తాకుతోంది. వానకు ఉబ్బి, ఎండకు ముడుచుకుని గుండ్లను అటూ ఇటూ నెడుతుంది. అయినా వెంటనే గరుకు కాగితం పట్టకూడదు. కొన్ని రైఫిళ్లకు ముందు కొసలో కావాలనే ఒత్తిడి పెడతారు, అవి అలాగే బాగా కాలుస్తాయి. ముందు యాక్షన్ కింద పలుచని రేకు పెట్టి బ్యారెల్‌ను ఎత్తి కాల్చి చూడాలి. గుంపు బాగుపడితేనే చెక్క అరగదీయాలి.

అన్నిటికన్నా చవకగా, అన్నిటికన్నా ఎక్కువగా గురి మార్చేది తూటా. ఒకే రైఫిల్ ఒక కంపెనీ తూటాను అంగుళంలో, అదే బరువున్న మరో కంపెనీ తూటాను మూడు అంగుళాల్లో వేయడం మామూలే. ఖరీదుతో దీనికి సంబంధం లేదు. నాలుగైదు రకాలు ఒక్కో పెట్టె కొని, ఒకే రోజు, ఒకే చోట కాల్చి పోల్చాలి. బ్యారెల్ లోపలి మెలిక కూడా ముఖ్యం. బరువైన గుండు పొడవుగా ఉంటుంది, నిలకడగా తిరగడానికి వేగమైన మెలిక కావాలి. 12 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే .223 బ్యారెల్‌లో 77 గ్రెయిన్ల గుండు వేస్తే అది గాలిలో తడబడుతుంది. టార్గెట్ మీద గుండ్రటి బెజ్జానికి బదులు తాళంచెవి రంధ్రంలాంటి చీలిక కనబడుతుంది. నచ్చిన తూటా దొరికాక ఒకే లాట్ నంబరువి సీజన్‌కు సరిపడా కొని పెట్టుకోవాలి.

ఆ తరువాత బ్యారెల్ మూతి. గుండు చివరిగా వదిలేది ఆ అంచునే. అక్కడ చిన్న నొక్కు పడ్డా వెనకనుంచి వచ్చే వాయువు ఒక పక్కకు తోస్తుంది. చెవిలో పెట్టుకునే దూది పుల్లను అంచుమీదుగా బయటికి లాగితే, నొక్కు ఉన్నచోట దూది పోగులు చిక్కుకుంటాయి. శుభ్రం చేసే కడ్డీని మూతివైపునుంచి తోయడం ఆ అంచు పాడవడానికి ఒక కారణం. బోర్ గైడ్ పెట్టి వెనకనుంచే తోయాలి. రాగి పేరుకుంటే దానికి తగిన సాల్వెంట్ వాడాలి. కాల్చిన ప్రతిసారీ తళతళలాడేదాకా తోమడం అవసరం లేదు.

ట్రిగ్గర్ బరువుగా ఉంటే లాగేటప్పుడు రైఫిల్ కదులుతుంది. వేటకు 3 పౌండ్ల దగ్గర బాగుంటుంది. చలికి మొద్దుబారిన వేళ్లకు, గ్లవ్స్ తొడిగిన చేతికి అంతకన్నా తేలిక ట్రిగ్గర్ ప్రమాదం. సవరించాక, ఖాళీ ఛాంబర్‌తో బోల్ట్‌ను గట్టిగా మూసి, స్టాక్ మడమను (వెనక కొసను) నేలకు తట్టి, ఫైరింగ్ పిన్ దానంతటది పడడం లేదని చూడాలి.

మిగిలింది మనిషి. ముందు ఇసుక సంచి స్టాక్ కింద ఉండాలి, బ్యారెల్ కింద కాదు. స్టాక్ మడమ కింద మరో సంచి. భుజానికి తగిలే దెబ్బకు ముందే ఉలిక్కిపడే అలవాటు చాలామందికి తమలో ఉందని తెలియదు. తోడున్నవాళ్లు మ్యాగజైన్‌లో డమ్మీ తూటాలు కలిపి పెడితే, డమ్మీ మీద ట్రిగ్గర్ లాగినప్పుడు మూతి కిందికి ఎలా దుమికిందో బయటపడుతుంది. ఖాళీ రైఫిల్‌తో రోజూ కాసేపు సాధన చేయడమే దానికి మందు.

ఏ మార్పైనా ఒకసారికి ఒకటే చేసి, కాల్చి, టార్గెట్ వెనక తేదీ, తూటా, బిగింపు రాసి దాచాలి. సీజన్ దగ్గరపడ్డాక చల్లటి బ్యారెల్‌తో రోజుకు ఒక్క గుండు చొప్పున ఒకే కాగితం మీద కాల్చాలి, ఎందుకంటే జింక మీదికి వెళ్లేది ఆ మొదటి గుండే. దాచేముందు పూసిన నూనె బ్యారెల్‌లో మిగిలితే ఆ గుండు పక్కకు పోతుంది. బయలుదేరేముందు పొడిగుడ్డతో తుడవాలి.