పొడుగు మీసాల ఈగ – దాని కుటుంబం
(పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. జంతుశాస్త్రం)

తేనెటీగ అనగానే మనకు చెట్టుకు వేలాడే తేనెపట్టు, అందులో రాణి ఈగ గుర్తుకొస్తాయి. కానీ ప్రపంచంలో గుర్తించిన 20,000కు పైగా తేనెటీగ జాతుల్లో ఎక్కువ వాటికి పట్టూ లేదు, రాణీ లేదు. ఆడ ఈగ ఒక్కతే గూడు కట్టి, పుప్పొడి, మకరందం కలిపిన ముద్ద పెట్టి, దానిపై గుడ్డు పెట్టి గది మూసేస్తుంది. వీటిని ఒంటరి ఈగలంటారు.

యూరప్‌లోని పొడుగు మీసాల ఈగ ఇలాంటిదే. నేలలో బొరియ తవ్వుకుంటుంది. 1758లో లిన్నేయస్ దీనికి ఏపిస్ లాంగికార్నిస్ అని పేరు పెట్టాడు. ఆయన లెక్కలో ఈగలన్నీ ఏపిసే! 1770లో స్కోపోలి 'యూసెరా' అనే ప్రజాతిని ఏర్పరచాడు. గ్రీకులో 'మంచి కొమ్ము' అని అర్థం. నిజానికి అంత పొడుగు మీసాలు మగదానికే, ఆడదానివి పొట్టివి. మగదాని మీసంలో 13 ఖండితాలు, ఆడదానికి 12. మగదానికి కొండి ఉండదు కాబట్టి కుట్టదు.

ఇక నేను దెబ్బతిన్న సంగతి. డిగ్రీలో ఒక పాత పుస్తకం చదివి, ఈ ఈగ కుటుంబం 'ఆంథోఫోరిడే' అని పరీక్షలో రాశాను. రెండు మార్కులు పోయాయి. పుస్తకం తప్పు కాదు, పాతది. 1993లో రోయిగ్-అల్సినా, మిచెనర్‌ల అధ్యయనం తర్వాత ఆ కుటుంబాన్ని 'ఏపిడే'లో కలిపేశారు. అంటే పొడుగు మీసాల ఈగ, మన తేనెటీగ ఇప్పుడు ఒకే కుటుంబం. గొడవ అక్కడితో ఆగలేదు. అమెరికాలోని గుమ్మడి పూల ఈగలను 2018లో యూసెరాలో చేర్చారు, 2023లో మరో అధ్యయనం వేరు చేసింది. కొనే స్తోమత లేక పాత పుస్తకాలే చదివే మనం, ముందు అచ్చయిన సంవత్సరం చూడాలి.

అదే పాత కుటుంబం నుంచి ఏపిడేలోకి వచ్చిన చుట్టం మన నల్లగొండ, పాలమూరు పల్లెల్లోనూ ఉంది. నీలిచారల ఈగ, అమెగిల్లా. మట్టి గోడల్లోనూ గూడు చేస్తుంది. మా అమ్మ కూలికి పోయే వంగతోటలో చిన్నప్పుడే చూశాను. పేరు మాత్రం పీజీలో తెలిసింది. వంగ, టమాట పూలలో పుప్పొడి గొట్టాల్లాంటి కేసరాల లోపల ఉంటుంది. ఈ ఈగ పువ్వును పట్టుకుని ఒళ్ళు అదిరిస్తే, ఉప్పు డబ్బా ఊపినట్టు రాలుతుంది. పట్టు పెట్టే తేనెటీగకు ఈ విద్య రాదు. పూత మీద పురుగుమందు కొట్టిన రోజున మొదట పోయేది ఇలాంటి ఈగలే.

సాయంత్రం ఎండుపుల్లల వైపు చూడండి. మగవి దవడలతో పుల్లను కరిచిపట్టుకుని వరుసగా నిద్రపోతుంటాయి. చేతిలో భూతద్దం ఉంటే మీసాల ఖండితాలు లెక్కపెట్టండి.