సంతకానికి ముందు కాటా గుమాస్తాను పిలవండి

ప్రశ్న: మాకు మూడు రైస్ మిల్లులున్నాయి. లెక్కలన్నీ ఒకచోటికి తెద్దామని ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్ పెట్టిస్తున్నాం. మూడు నెలలు మమ్మల్ని ప్రశ్నలడిగిన కన్సల్టెంట్లు ఇప్పుడు ‘బ్లూప్రింట్’ అంటూ రెండు వందల పేజీల ఇంగ్లిష్ పుస్తకం తెచ్చి సంతకం పెట్టమంటున్నారు. సాఫ్ట్‌వేర్ ఇంకా కంటితో చూడలేదు. పెట్టాలా, వద్దా?
- మిల్లు యజమాని, మిర్యాలగూడ

జవాబు: చూడకుండా పెట్టకండి. అలాగని వాళ్లు మోసం చేస్తున్నారనీ అనుకోకండి. వాళ్లు నేర్చుకున్న పద్ధతి అది. జర్మనీ సాఫ్ట్‌వేర్ కంపెనీ శాప్ 1996లో ‘యాక్సిలరేటెడ్ శాప్’ పేరుతో దశలవారీ పద్ధతి తెచ్చింది. సన్నాహం, బ్లూప్రింట్, రియలైజేషన్, తుది సన్నాహం, గో-లైవ్ అని అందులో ఐదు మెట్లు. మీరిప్పుడు రెండో మెట్టు మీదున్నారు. పుస్తకంలో ఉన్నదే తయారవుతుంది. లేనిది తర్వాత అడిగితే అదనపు బిల్లు. చిక్కంతా ఎక్కడంటే, కాగితం మీద అన్నీ బాగానే కనిపిస్తాయి. నెలల తర్వాత స్క్రీన్ చూశాక ‘మా పని ఇలా జరగదే’ అంటారు. అందుకే 2015 నుంచి శాప్ ‘యాక్టివేట్’ పద్ధతికి మళ్లింది. అందులో పని చేస్తున్న సాఫ్ట్‌వేర్‌ను మొదట్లోనే తెరిచి చూపించి, మీకు ఎక్కడ సరిపోతుందో, ఎక్కడ సరిపోదో తేలుస్తారు.

మీ వ్యాపారంలో ఇది చాలా ముఖ్యం. కస్టమ్ మిల్లింగ్ కోసం ప్రభుత్వం ఇచ్చిన ధాన్యం మీ గోడౌన్‌లో ఉన్నా మీ సరుకు కాదు. క్వింటాలుకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి అప్పగించాలి. పక్కనే మీరు కొన్న ధాన్యమూ ఉంటుంది. రెండూ వేరని ముందే చెప్పకపోతే సాఫ్ట్‌వేర్ వచ్చిన ప్రతి బస్తానూ మీ ఆస్తిలో కలిపేస్తుంది. బ్యాంకుకిచ్చే స్టాక్ స్టేట్‌మెంటే తప్పవుతుంది. ఆ పుస్తకంలో ఈ విషయం ఏ పేజీలో ఉందో ముందు చూపించమనండి.

తర్వాత లారీ కాటా ఎక్కడం, తేమకు తరుగు తీయడం, మరాడించడం, ప్రభుత్వ బియ్యం అప్పగించడం, తవుడు అమ్మడం వంటి మీ సొంత లావాదేవీలు కొన్నింటిని స్క్రీన్ మీద నడిపించండి. కీబోర్డు ముందు మీరు కాదు, మీ కాటా గుమాస్తా కూర్చోవాలి. అతను ఆగిపోయిన ప్రతిచోటా ఒక నిర్ణయం బాకీ ఉన్నట్టే: మన అలవాటు మార్చుకుందామా, సాఫ్ట్‌వేర్‌ను మార్పిద్దామా? ప్రభుత్వ ధాన్యం లెక్క నిబంధన కాబట్టి అక్కడ సాఫ్ట్‌వేరే మారాలి. తాతల నాటి చీటీ నమూనా కోసం మాత్రం డబ్బు తగలేయకండి. జర్మనీ సూపర్‌మార్కెట్ సంస్థ లిడిల్ సరుకును కొన్న ధరతో లెక్కగట్టేది. శాప్ రిటైల్ ప్యాకేజీ అమ్మే ధరతో లెక్కగడుతుంది. లిడిల్ అలవాటు వదల్లేదు, సాఫ్ట్‌వేర్‌ను మార్పిస్తూ పోయింది. దాదాపు ఏడేళ్ల తర్వాత, 2018లో పని ఆపేసింది. సుమారు 50 కోట్ల యూరోలు ఖర్చయిందని పత్రికలు రాశాయి.

ప్రశ్న: పాత సాఫ్ట్‌వేర్‌లోని పాతికేళ్ల ఎంట్రీలన్నీ కొత్తదానిలోకి ఎక్కించాలని మా ఎండీ గారి పట్టు. కన్సల్టెంట్లు వద్దంటున్నారు.
- స్టోర్స్ ఇన్‌చార్జి, హైదరాబాద్

జవాబు: కన్సల్టెంట్ల మాటే సరైనది. నేటి నిల్వ, రావలసిన బిల్లులు, ఇవ్వాల్సిన బాకీలు, సరుకు ఇంకా రాని పర్చేజ్ ఆర్డర్లు, లెడ్జర్ బ్యాలెన్సులు ఎక్కితే చాలు. చట్ట ప్రకారం కంపెనీలు ఎనిమిదేళ్ల ఖాతా పుస్తకాలు దాచాలి కాబట్టి పాత సిస్టమ్‌ను చూడటానికి వీలుగా ఉంచండి. మీ శ్రమ పెట్టాల్సింది ఐటెమ్ మాస్టర్ మీద. ఒకే బేరింగు మూడు పేర్లతో మూడు కోడ్‌లలో ఉంటే, ఒక కోడ్‌లో నిల్వ ఉండగానే మరో కోడ్‌లో లేదని కొత్తగా కొంటారు. దాన్ని కన్సల్టెంటు పట్టుకోలేడు. ర్యాకు దగ్గర రోజూ నిలబడే మీకే తెలుస్తుంది.

ప్రశ్న: మాది బట్టల హోల్‌సేల్. విజయదశమి నాడే గో-లైవ్ కావాలని మా సేఠ్ గారు ముహూర్తం పెట్టేశారు. టెస్టింగ్ సగం కూడా కాలేదు. ఆయనకు ఎలా చెప్పాలి?
- అకౌంట్స్ మేనేజరు, విజయవాడ

జవాబు: అమెరికా చాక్లెట్ కంపెనీ హెర్షీ సంగతి చెప్పండి. 1999 జులైలో కొత్త సిస్టమ్‌లన్నీ ఒక్కసారిగా ఆన్ చేసింది. ఆ వెంటనే హాలోవీన్ మిఠాయిల సీజన్. గోడౌన్లలో సరుకుండి కూడా దాదాపు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లు పంపలేకపోయింది. మీకు దసరా, దీపావళి అలాంటి సీజనే. ఆ వారాల్లో బిల్లు పడకపోతే కొనుగోలుదారు పక్క షాపుకెళ్తాడు.

సేఠ్ గారి నమ్మకాన్ని మాత్రం తీసిపారేయకండి. దసరా నాడు పూజ చేసి, కొత్త సిస్టమ్‌లో మొదటి బిల్లు ఆయన చేతుల మీదుగానే కొట్టించండి, అయితే టెస్ట్ సర్వర్‌లో. ఆ తర్వాత ఒక ఆదివారం కటోవర్ రిహార్సల్ పెట్టుకోండి: లావాదేవీలు ఆపి, నిల్వ లెక్కించి, బ్యాలెన్సులు ఎక్కించి, రెండు సిస్టమ్‌ల ట్రయల్ బ్యాలెన్స్ పక్కపక్కన పెట్టి చూడండి. పైసా తేడా ఉన్నా కారణం దొరికేదాకా వదలొద్దు. రిహార్సల్ సోమవారం ఉదయానికి పూర్తి కాకపోతే, ఎంత సమయం పట్టిందో ఆ కాగితమే ఆయన ముందు పెట్టండి. వ్యాపారికి అంకె చెప్పినంత స్పష్టంగా మన వాదన చెప్పలేదు. మరి అసలు గో-లైవ్ ఎప్పుడంటారా? ఏప్రిల్ 1 కొత్త ఆర్థిక సంవత్సరం మొదలు, లెక్కలకు అదే అనువైన రోజు.

ప్రశ్న: అమీర్‌పేటలో శాప్ నేర్చుకుంటున్నాను. ఐదు దశల పాత నోట్సే ఇస్తున్నారు. చాలుతుందా?
- నిరుద్యోగి, గుంటూరు

జవాబు: ఇంటర్వ్యూలో ‘యాక్టివేట్’ గురించే ఎక్కువగా అడుగుతారు. డిస్కవర్, ప్రిపేర్, ఎక్స్‌ప్లోర్, రియలైజ్, డిప్లాయ్, రన్ అనే ఆరు దశలూ తెలుసుకోండి. పాత తరం సాఫ్ట్‌వేర్ ఈసీసీకి శాప్ ఇచ్చే సాధారణ మద్దతు 2027 చివరితో ముగుస్తుంది. కంపెనీలు కొత్త తరం ఎస్4 హానాకు మారుతున్నాయి కాబట్టి పని ఉంటుంది. అయితే దశల పేర్లు అందరూ అప్పజెబుతారు. గుంటూరులో తెలిసినవాళ్ల మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉంటే వారం రోజులు వెళ్లి కూర్చోండి. బస్తా లోపలికి వచ్చిన దగ్గర్నుంచి అద్దె వసూలయ్యేదాకా ఎవరు ఏ కాగితం రాస్తారో చూసి, ఆ వరసను మీ మాడ్యూల్‌లో మీరే కట్టి, ఇంటర్వ్యూకి అది పట్టుకెళ్లండి.